నిద్రపోని ముక్కు

పక్కింటి పోపు వాసనని కూడా పసిగట్టే మన ముక్కు, రాత్రి మంచమెక్కితే మనతోపాటే నిద్రపోతుంది. ఆ వేళప్పుడు ఇంట్లో పొగ పుడితే లేపేదెవరు? అరచేతిలో ఇమిడే ఓ తెల్లటి డబ్బా! దాని కథేమిటో, దాన్ని మన ఇళ్లలో ఎక్కడ ఎలా పెట్టుకోవాలో చూద్దాం.

మా పెద్దమ్మ మొదటిసారి న్యూజెర్సీలో కొడుకింటికి వెళ్లినప్పటి సంగతి. వాడికి ఇష్టమని మూడోరోజే పులిహోర పెట్టింది. మూకుడులో నూనె కాగింది. ఆవాలు చిటపటలాడాయి. ఎండుమిరపకాయలు వేసీ వేయకముందే నెత్తిమీద ఎక్కడో ‘కీ... కీ... కీ...’ అని చెవులు చిల్లులుపడే మోత. గరిటె కిందపడింది. కోడలు పరుగున వచ్చి కిటికీ తెరిచింది. కొడుకు కుర్చీ ఎక్కి పైనున్న తెల్ల డబ్బాకేసి తువ్వాలు విసరడం మొదలుపెట్టాడు. ‘ఇదేం దేశంరా, పోపు కూడా పెట్టుకోనివ్వదూ!’ అని పెద్దమ్మ నెత్తి కొట్టుకుంది.

పిల్లలు విదేశాల్లో ఉన్న తెలుగువాళ్ల ఇళ్లలో ఇలాంటి కథ ఒకటి ఉండే ఉంటుంది. చెప్పుకుని నవ్వుకుంటాం. కానీ ఆ డబ్బా అక్కడ ఎందుకుందో, మన ఇంట్లో ఎందుకు లేదో మాత్రం ఆలోచించం.

నేనూ ఆలోచించలేదు... మా అపార్ట్‌మెంట్‌లో ఆ రాత్రి అలా జరిగేదాకా. మా పై ఫ్లాటులో ఫ్రిజ్ వెనక ఉన్న పాత స్టెబిలైజర్ రాజుకుంది. మంట లేదు, నిప్పురవ్వ లేదు. ప్లాస్టిక్ మెల్లగా మాడుతూ పొగ చిమ్ముతోంది, అంతే. అర్ధరాత్రి రెండింటికి పసివాడికి పాలు కలపడానికి లేచిన తల్లి గది తలుపు తీసేసరికి హాల్లో పైసగమంతా తెల్లగా ఉంది. సోఫాలో భర్త, పక్క గదిలో అత్తగారు హాయిగా నిద్రపోతున్నారు. ఒక్కరికీ వాసన తెలియలేదు! పిల్లాడికి ఆకలి మరో అరగంట ఆలస్యంగా వేసి ఉంటే... అని ఆవిడ ఇప్పటికీ తలుచుకుని వణికిపోతుంది. తెల్లారి చూస్తే కాలింది ఆ చిన్న స్టెబిలైజరూ, దాని వెనక గోడమీద జానెడు రంగూ!

మంట కాదు, పొగ!

అగ్నిప్రమాదం అనగానే ఎగసిపడే మంటలే కళ్లముందు మెదులుతాయి. నిజానికి ఇళ్లలో ప్రాణాలు పోయేది ఎక్కువగా పొగవల్లే. కాలుతున్న వస్తువులనుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలోని హిమోగ్లోబిన్‌కి ఆక్సిజన్‌తో కన్నా దాంతోనే 200 రెట్లకు పైగా చుట్టరికం. ఒకసారి పట్టుకుందంటే ఆక్సిజన్‌కి చోటివ్వదు. ముందు మత్తు, తరవాత స్పృహ తప్పడం. నిద్రలో ఉన్నవాళ్లు ఆ నిద్రలోంచి అటే వెళ్లిపోతారు. సోఫాలూ పరుపుల్లోని ఫోమ్ కాలితే సైనైడ్ వాయువు కూడా తోడవుతుంది.

దీన్ని మన ఊళ్లే కళ్లకు కట్టాయి. 2022 సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాద్‌లో ఓ హోటల్ సెల్లార్‌లోని విద్యుత్ స్కూటర్ల దగ్గర మొదలైన ప్రమాదంలో 8 మంది చనిపోయారు. మంట కింద, ఊపిరాడక పోయింది పై అంతస్తుల్లోనివాళ్లు. 2023 మార్చి 16న అక్కడి స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో ఐదో అంతస్తులో చిక్కుకున్న ఆరుగురు యువతీయువకుల్ని బలితీసుకున్నదీ పొగే. ఇక, 2025 మే 18 ఆదివారం తెల్లవారుజామున చార్మినార్ పక్కన గుల్జార్‌హౌజ్‌లో జరిగింది తలుచుకుంటే గుండె బరువెక్కుతుంది. కింద దుకాణాలు, పైన ఉమ్మడి కుటుంబం. 8 మంది పిల్లలతో సహా 17 మంది! బయటికి ఉన్నది ఒక్క ఇరుకు దారి. అదీ పొగతో నిండిపోయింది.

అంత పొగ కమ్ముకుంటున్నా మెలకువ ఎందుకు రాదు? అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2004లో దీనిమీదే ఓ ప్రయోగం చేశారు. నిద్రలో ఉన్నవాళ్ల ముక్కు దగ్గర పుదీనా వాసననీ, పిరిడిన్ అనే ఘాటైన దుర్వాసననీ వదిలారు. నిద్ర కాస్త గాఢమయ్యాక వాళ్లు దేనికీ లేవలేదు. అదే, శబ్దం చేస్తే లేచారు! అంటే రాత్రిపూట మనకి పనికొచ్చేది చెవే కానీ ముక్కు కాదన్నమాట. ‘మా ఇంట్లో కాలిన వాసన వస్తే నాకు తెలియదా’ అనేవాళ్ల ధీమా మెలకువగా ఉన్నంతసేపే.

పైగా ఇప్పుడు మనకున్న వ్యవధి కూడా తక్కువ. ఇంట్లో మంట లేస్తే తప్పించుకోవడానికి దొరికే సమయం 1970ల్లో చేసిన పరీక్షల్లో సుమారు 17 నిమిషాలుగా తేలింది. అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థ 2004లో ఇచ్చిన నివేదిక ప్రకారం అది మూడు నిమిషాలకు పడిపోయింది. కారణం ఇంట్లోని సామాన్లే. ఫోమ్ సోఫాలు, సింథటిక్ కర్టెన్లు, ప్లాస్టిక్ సామగ్రి క్షణాల్లో అంటుకుంటాయి. నులకమంచం, చెక్క కుర్చీ, మూల ట్రంకుపెట్టె ఉన్న తాతల నాటి ఇల్లు కాదుకదా మనది!

సిగరెట్ చెప్పిన రహస్యం

ఈ డబ్బా పుట్టుక తమాషాగా ఉంటుంది. 1930ల్లో స్విట్జర్లాండ్‌లో వాల్టర్ యేగర్ అనే భౌతికశాస్త్రవేత్త విషవాయువుని కనిపెట్టే పరికరం తయారుచేద్దామని తంటాలు పడుతున్నాడు. ఎంత వాయువు పంపినా ముల్లు కదల్లేదు. విసుగొచ్చి సిగరెట్ వెలిగించాడు. ముల్లు కదిలింది! విషవాయువుకి చలించని యంత్రం పొగకి స్పందించిందన్నమాట. అక్కడినుంచి ఫ్యాక్టరీలూ పెద్ద భవంతుల్లో వాడే ఖరీదైన పరికరాలు వచ్చాయి. మామూలు ఇంటికి సరిపోయే, బ్యాటరీతో నడిచే చిన్న అలారాన్ని 1965లో రూపొందించిన ఘనత అమెరికాలోని డెన్వర్‌కి చెందిన డ్యువేన్ పియర్సల్‌ది. 1970ల తరవాత అది ఇంటింటికీ పాకింది.

ఫలితం? అమెరికాలో ఇళ్లలో అగ్నిప్రమాదాలవల్ల చనిపోయేవారిలో ప్రతి ఐదుగురిలో దాదాపు ముగ్గురు స్మోక్ అలారం లేని, లేదా ఉన్నా పనిచేయని ఇళ్లలోనివారేనని అక్కడి నేషనల్ ఫైర్ ప్రొటెక్షన్ అసోసియేషన్ లెక్కలు చెబుతున్నాయి. జపాన్ 2006లో కొత్త ఇళ్లకీ, 2011 నాటికి పాత ఇళ్లకీ దీన్ని తప్పనిసరి చేసింది. స్కాట్లాండ్‌లో అయితే 2022 ఫిబ్రవరి నుంచి ప్రతి ఇంట్లోనూ ఒకటి మోగితే మిగతావన్నీ మోగేలా కలిపిన అలారాలు ఉండాల్సిందే. మన దగ్గర ఎత్తయిన భవనాలకీ హోటళ్లకీ ఆసుపత్రులకీ నిబంధనలున్నాయి. మామూలు ఇంటినీ, చిన్న అపార్ట్‌మెంట్‌లోని ఫ్లాటునీ అడిగే నాథుడు లేడు. కాబట్టి మనకి మనమే అడుక్కోవాలి.

అరవని డబ్బా కొనేరు!

ఇంటికి పనికొచ్చే స్మోక్ డిటెక్టర్లు ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి ‘ఐయొనైజేషన్’ది. ఇందులో అమెరీషియం-241 అనే రేడియోధార్మిక పదార్థం మైక్రోగ్రాములో మూడోవంతుకన్నా తక్కువే ఉంటుంది. (కంగారుపడకండి. విప్పి గెలకనంతవరకూ దానివల్ల హాని లేదు.) భగ్గున లేచే మంటని ఇది త్వరగా పట్టేస్తుంది. రెండోది ‘ఫొటోఎలక్ట్రిక్’. లోపలి చిన్న చీకటి గదిలో ఓ కాంతికిరణం వెళ్తూ ఉంటుంది. పొగ కణాలు దూరితే ఆ కాంతి చెదిరి పక్కనున్న సెన్సర్ మీద పడుతుంది. వెంటనే మోత! సినిమా హాల్లో ప్రొజెక్టర్ వెలుగుదారిలో దుమ్ము మెరవడం చూశారుగా, అదే సూత్రం. మెల్లగా రాజుకుని పొగ కక్కే వైరు, పరుపు, స్టెబిలైజర్ లాంటివాటిని ఇది ముందుగా పట్టుకుంటుంది. వంటింటి పొగకి మొదటిదానంత తొందరపడి అరవదు. మన ఇళ్లకి ఫొటోఎలక్ట్రిక్కే నయం.

కొనేటప్పుడు మాత్రం ఒక మెలిక ఉంది. నేనూ అందులో పడ్డాను. మన ఊళ్లలో ఫైర్ సేఫ్టీ దుకాణాల్లో ‘స్మోక్ డిటెక్టర్’ అని అడిగితే చాలాసార్లు ఇచ్చేది ఆఫీసులకు వాడే రకం. చూడ్డానికి అచ్చం అలాగే ఉంటుంది, చవగ్గానూ వస్తుంది. కానీ దానికి నోరు లేదు! వైర్లతో ఒక కంట్రోల్ ప్యానెల్‌కి కలిపితే ఆ ప్యానెల్ మోగిస్తుంది. ఒంటరిగా సీలింగ్‌కి బిగిస్తే చూస్తూ ఊరుకుంటుంది. నేను కొన్న మొదటిది ఇప్పుడు మావాడి బొమ్మల డబ్బాలో ఉంది. అందుకే ‘బ్యాటరీతో నడిచేది, సొంతంగా అలారం మోగేది కావాలి’ అని విడమరిచి అడగండి. టెస్ట్ బటన్ నొక్కించి, మోత విన్నాకే డబ్బులివ్వండి. మూడు మీటర్ల దూరంలో 85 డెసిబెల్స్ అని రాసి ఉందేమో చూడండి. పదేళ్లు పనిచేసే లిథియం బ్యాటరీ లోపలే ఉండి సీలు వేసినవి కాస్త ఖరీదైనా వాటితో గొడవ తక్కువ. మామూలువాటిలో తొమ్మిది వోల్టుల చదరపు బ్యాటరీ వేసుకోవాలి. ఖర్చంటారా, ఇంటిల్లిపాదీ ఓసారి హోటల్‌కి వెళ్లొస్తే అయ్యేదే.

అమెరికానుంచి తెప్పించుకోవాలనుకునేవాళ్లకి ఒక మాట. అక్కడి ఇళ్లలో కరెంటు వైరుకి కలిపేవి 120 వోల్టులవి. మన 230 వోల్టులకు పనికిరావు. పూర్తిగా బ్యాటరీతో నడిచేవైతేనే తెచ్చుకోవాలి.

ఎక్కడ బిగించాలి?

పొగ వేడిగా ఉంటుంది కాబట్టి పైకి లేస్తుంది. సీలింగ్‌ని తాకి పక్కలకు పాకుతుంది. అందుకే దీని చోటు నెత్తిమీదే. ఒక్కటే కొంటున్నారా? అయితే పడకగదుల బయట, హాల్లోంచి గదుల్లోకి వెళ్లే దారిలో పెట్టండి. హాల్లోనో వంటింట్లోనో పుట్టిన పొగ నిద్రపోయేవాళ్లని చేరేలోపు అక్కడ ఆగి పలకరించి వెళ్లాల్సిందే. రెండోది కొనే స్థోమత ఉంటే పెద్దవాళ్లూ పిల్లలూ పడుకునే గదిలో. ఏసీ పెట్టి తలుపులు బిగించుకునే గదైతే లోపల ఇంకొకటి తప్పదు. ఎందుకంటే బయటి మోత లోపలికి సన్నగా వినిపిస్తుంది, ఏసీ దగ్గరే వైరు రాజుకుంటే బయటిదానికి తెలియనే తెలియదు. డూప్లెక్స్ అయితే ప్రతి అంతస్తులోనూ ఒకటి, మెట్లు పైకి చేరేచోట చూసుకుని పెట్టండి.

గదిలో పెట్టాలంటే మనకో చిక్కుంది. సీలింగ్ మధ్యలో పెట్టమని విదేశీ డబ్బాలమీద రాసి ఉంటుంది. మన సీలింగ్ మధ్యలో ఉండేది ఫ్యానాయె! ఫ్యాను గాలి పొగని చెదరగొట్టేస్తుంది. రెక్క చివరనుంచి కనీసం మూడడుగుల దూరం ఉండాలి. అలాగని మూలకి తోసేయకూడదు. గోడా సీలింగూ కలిసేచోట గాలి కదలదు, పొగ అక్కడికి ఆలస్యంగా చేరుతుంది. గోడనుంచి కనీసం అడుగు దూరం ఉంచాలి. పది బై పది గదిలో ఇది కుదిరేదెలా అని నేనూ టేపు పట్టుకుని తలపట్టుకున్నాను. నేరుగా గోడవైపు వెళ్తే కుదరదు. ఫ్యాను మధ్యనుంచి మూలవైపు ఐదడుగులు కొలవండి. 48 అంగుళాల ఫ్యానుకి మధ్యనుంచి రెక్క చివరికి రెండడుగులు, అక్కణ్నుంచి మూడడుగులు. ఆ చోటు రెండు గోడలకీ దాదాపు అడుగున్నర దూరంలో ఉంటుంది. సరిగ్గా సరిపోయింది! సీలింగ్‌కి కుదరకపోతే గోడకీ పెట్టొచ్చు. అయితే సీలింగ్‌నుంచి నాలుగు నుంచి పన్నెండు అంగుళాల కిందే.

ఏసీ గాలి సూటిగా తగిలేచోట వద్దు. గీజరు ఆవిరి బయటికొచ్చే స్నానాలగది తలుపు దగ్గరా వద్దు. మూడడుగులైనా ఎడం ఉండాలి. పెంకుటిళ్లూ వాలుకప్పుల్లో శిఖరానికి దగ్గరగా, కానీ కొనకి నాలుగంగుళాలు వదిలి పెట్టాలి. ఫాల్స్ సీలింగ్ ఉంటే గదివైపు కనిపించేలా దానికే బిగించాలి, పైన దాచిపెడితే లాభం లేదు.

బిగించడం పావుగంట పని. వెనక ఉండే ప్లేటుని సీలింగ్‌కి ఆనించి పెన్సిల్‌తో రెండు గుర్తులు పెట్టుకోవాలి. స్లాబులో వైర్ల పైపులు పోయే చోటు కాదని చూసుకుని డ్రిల్ చేయాలి. ప్లాస్టిక్ ప్లగ్గులు కొట్టి స్క్రూలు బిగించాలి. డబ్బాని ప్లేటుకి ఆనించి తిప్పితే పట్టేస్తుంది. కిందికొచ్చే దుమ్ము డబ్బాలోకి పోకుండా డ్రిల్ పని అయ్యాకే దాన్ని సంచిలోంచి తీయండి. టేపుతో అంటిస్తే మన ఎండలకి జిగురు కరిగి ఏదో రాత్రి ఊడి నెత్తిన పడుతుంది.

వంటింట్లో వేరే కథ

పోపు పెట్టే ప్రతిసారీ మోగితే నాలుగోరోజుకి ఎవరైనా చేసే పని ఒకటే, బ్యాటరీ పీకేయడం! అమెరికాలోనైనా అమలాపురంలోనైనా అలారం పనిచేయకపోవడానికి పెద్ద కారణం ఇదే. కాబట్టి స్మోక్ డిటెక్టర్‌ని వంటింట్లో పెట్టొద్దు. పొయ్యికి పదడుగుల దూరం ఉండాలి. రోజూ సాంబ్రాణి వేసే పూజగది ముందూ వద్దు. వంటింటికి వేరే పరికరం ఉంది. హీట్ డిటెక్టర్ అంటారు. పొగని పట్టించుకోదు, వేడిని చూస్తుంది. సుమారు 57 డిగ్రీలకి చేరితే మోగుతుంది. కొన్ని రకాలు వేడి గబగబా పెరుగుతున్నా మోగుతాయి. మన రోహిణీకార్తె ఎండకి గది అంత వేడెక్కదు కాబట్టి భయంలేదు. అయితే నిద్రపోయేవాళ్లకి ఇదొక్కటే రక్షణ అనుకోకూడదు. వేడి పెరిగేసరికి పొగ ఇల్లంతా తిరిగొస్తుంది.

గ్యాస్ లీకుని పట్టే డిటెక్టర్ మరొకటి. చాలామంది దీన్నీ స్మోక్ డిటెక్టర్ పక్కనే సీలింగ్‌కి పెట్టిస్తున్నారు. అది తప్పు. సిలిండర్‌లోని ఎల్పీజీ గాలికన్నా బరువు. లీకైతే నీళ్లలా నేలమీద పరుచుకుంటుంది. దాని డిటెక్టర్ నేలకి అడుగులోపు ఎత్తులో ఉండాలి. అదే హైదరాబాద్, విజయవాడల్లో కొన్నిచోట్ల ఇళ్లకొస్తున్న పైపు గ్యాస్ గాలికన్నా తేలిక. దానికైతే పైన పెట్టాలి. సిలిండర్‌నుంచి పైపు గ్యాస్‌కి మారినవాళ్లు డిటెక్టర్‌ని కూడా పైకి మార్చుకోవాలి.

మరో ముప్పు విద్యుత్ స్కూటర్ బ్యాటరీలు. 2022 ఏప్రిల్‌లో రోజుల తేడాలో నిజామాబాద్‌లో ఒకరు, విజయవాడలో ఒకరు ఇంట్లో ఛార్జింగ్‌లో ఉన్న బ్యాటరీ పేలి ప్రాణాలు కోల్పోయారు. లిథియం బ్యాటరీ అంటుకుంటే ఎంత వేగమంటే, ఏ అలారమూ ఎక్కువ సమయం ఇవ్వలేదు. ఆ ఛార్జింగ్ ఏదో పడకగదికీ, బయటికెళ్లే దారికీ దూరంగా, అందరూ మెలకువగా ఉన్నప్పుడు పెట్టుకోవడమే మార్గం.

బల్లులూ... బ్యాటరీలూ!

నిమిషానికోసారి ‘కిచ్’మని ఒక్క కూత వినిపిస్తోందా? అది నిప్పు కాదు, బ్యాటరీ అయిపోతోందని అర్థం. మూడు కూతలు, కాస్త విరామం, మళ్లీ మూడు... ఇలా మోగితేనే ప్రమాదం. ఏ కారణం లేకుండా మోగితే లోపల సాలీడో చిన్న పురుగో దూరి ఉండొచ్చు. పురుగులుంటే వాటికోసం వచ్చే బల్లుల సంగతి చెప్పనక్కర్లేదు. సంక్రాంతి బూజులు దులిపేటప్పుడు దీన్నీ మెత్తటి బ్రష్షుతో దులపాలి. ఇంటికి రంగులేయిస్తుంటే విప్పి పక్కన పెట్టాలి. రంగు కింద పూడిపోయిన డిటెక్టర్‌ని నేనే ఓ ఇంట్లో చూశాను. పైకి చక్కగానే కనిపిస్తోంది కానీ కన్నాలన్నీ మూసుకుపోయాయి. వెనకాల తయారీ తేదీ ఉంటుంది. పదేళ్లు దాటితే మోగుతున్నా సరే, మార్చేయాలి. ఇక నెలకోసారి టెస్ట్ బటన్ నొక్కాలి. గుర్తుండదా? కరెంటు బిల్లు వచ్చిన రోజునే నొక్కండి.

ఆ నొక్కేదేదో ఇంట్లో అందరూ ఉన్నప్పుడు నొక్కితే మంచిది. ఎందుకంటే అలారం మోగినా లేవనివాళ్లుంటారు. స్కాట్లాండ్‌లోని డండీ విశ్వవిద్యాలయంవాళ్లు 34 మంది పిల్లలు నిద్రపోతుండగా స్మోక్ అలారాలు మోగించి చూశారు. వాళ్లలో 27 మంది పదేపదే మోగినా లేవలేదు! మోతతోపాటు ఆడగొంతుతో మాటలు వినిపించేలా చేస్తే ఎక్కువమంది లేచారు. పిల్లల్ని అలారం లేపుతుందని వదిలేయకుండా ఎవరిని ఎవరు లేపాలో ముందే అనుకోవాలి. పెద్దవయసులో సన్నటి కీచు శబ్దం వినపడటం తగ్గుతుంది. వినికిడి యంత్రం తీసేసి పడుకునే తాతయ్యల సంగతి చెప్పేదేముంది? అలాంటివాళ్ల గదిలో లావుపాటి శబ్దం చేసేదో, మంచాన్ని కుదిపేదో దొరికితే మేలు.

మోగింది... ఇప్పుడేంటి?

అలారం లేపగలదు, తలుపు తీయలేదు. మన ఇళ్లకి దొంగల భయంతో కిటికీలన్నిటికీ గ్రిల్స్, గుమ్మానికి ఇనుప గేటు, దానికో తాళం. ఆ తాళంచెవి రాత్రి ఎక్కడుంటుంది? ‘ఏమో, అత్తయ్య దిండుకిందేమో’ అంటే కుదరదు. గేటుకి దగ్గర్లో బయటివాళ్ల చేతికందని మేకుకి, చీకట్లోనూ చేతికి తగిలేలా ఉండాలి. ఒక్కో పడకగదిలో ఒక్క గ్రిల్ అయినా లోపలినుంచి తెరుచుకునేలా చేయించండి. వెల్డింగ్ అబ్బాయికి అరపూట పని.

అర్ధరాత్రి అలారం మోగితే నగలూ సర్టిఫికెట్లూ వెతకొద్దు. పొగ ఉంటే నిలబడొద్దు, నేలకి దగ్గరగా ఊపిరాడుతుంది కాబట్టి పాకుతూ వెళ్లాలి. మూసి ఉన్న తలుపుని చేతి వెనకభాగంతో తాకి చూడాలి. వేడిగా ఉంటే తీయొద్దు. వెళ్తూ వెళ్తూ వెనక తలుపు మూసేయాలి. తలుపు మూసి ఉన్న గదిలోకి వేడీ పొగా చేరడానికి చాలా సమయం పడుతుందని పరీక్షల్లో తేలింది. రాత్రి గది తలుపులు వేసుకుని పడుకోమనేదీ అందుకే. లిఫ్టు జోలికి పోవద్దు. మెట్లమీద పొగ నిండి ఉంటే మళ్లీ లోపలికొచ్చి తలుపేసి, సందుల్లో తడిగుడ్డలు కుక్కి, బాల్కనీలోకి వెళ్లి కేకేయాలి. ఫోను చేయాల్సింది 101కి, లేదా 112కి. బయటపడ్డాక అందరూ ఎక్కడ కలవాలో ముందే అనుకోండి. వాచ్‌మన్ గది ముందో, వీధి చివర వేపచెట్టు కిందో. ‘చిన్నాడు లోపలే ఉండిపోయాడేమో’ అని మళ్లీ లోపలికెళ్లి పొగలో పడిపోయేవాళ్లుంటారు. ఆ చిన్నాడు ఎదురింటి అరుగుమీద కూర్చుని ఉంటాడు.

పెద్దమ్మ సంగతి మధ్యలో వదిలేశాం కదూ. ఆర్నెల్లు న్యూజెర్సీలో ఉండి తిరిగొచ్చేటప్పుడు ఆవిడ సూట్‌కేసులో బాదంపప్పులూ చాక్లెట్లూ మందులమధ్య రెండు తెల్లడబ్బాలున్నాయి. బ్యాటరీవే. ‘అమ్మా, మీరిద్దరే ఉంటారు. నాన్నకి చెవి యంత్రం తీస్తే వినపడదు. నాకు ఇక్కడ నిద్రపట్టదు’ అని కొడుకు బలవంతంగా సర్దాడట. కాకినాడలో ఎలక్ట్రీషియన్ వచ్చి ఒకటి పడకగది బయటా, ఒకటి లోపలా బిగించి వెళ్లాడు. బటన్ అందదని పెద్దమ్మ చీపురు కర్ర చివర గుడ్డ చుట్టి పెట్టుకుంది.

మొన్న ఫోన్ చేస్తే వెనకనుంచి ‘కీ... కీ... కీ...’ అని వినపడింది.

‘ఏంటి పెద్దమ్మా, పులిహోరా?’ అన్నాను.

‘కాదురా, కరెంటు బిల్లొచ్చింది’ అంది.